దోశ పడకముందే కూర

పృథ్వీధర్‌కు మధ్యాహ్నం మూడున్నరకు కంపెనీవాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. తాను రాసిన ప్రోగ్రాం వాళ్ల ముందు నడిపి చూపిస్తే ఉద్యోగం. లేకపోతే పెదనాన్నగారి ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఒంటిగంటైంది, ప్రోగ్రాం మొరాయించి కూర్చుంది.

పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, తనకు విద్య నేర్పిన సోమయాజులు మాస్టారి మేడగదికి పరుగెత్తాడు.

"చూడండి మాస్టారూ, మూల అచ్చుగా ఉద్యోగి అని పేరెంట్ క్లాస్ రాశాను. పేరు, నంబరు ఇస్తేనే తయారవుతుంది. దానికింద, దాన్నుంచే పుట్టేలా, మేనేజర్ అని చైల్డ్ క్లాస్. కారు, కేబిను, చేతికింద పదిమంది, అన్నీ దగ్గరుండి అమర్చాను. అయినా తప్పు తప్పంటోంది."

"పేరెంట్‌కి పేరూ నంబరూ ఎవరిచ్చారు?"

"చైల్డ్ కదండీ, పేరెంట్‌దంతా ఊరికే వచ్చేస్తుంది. ఆపాటి తెలీదా నాకు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తిన్నావా?"

"లేదండి."

"కింద నూకరత్నం బండి దగ్గర మసాలా దోశ తినిరా. కానీ కూర గురించే మాట్లాడు. దోశ గురించి ఏమడిగినా నోరు విప్పకు."

ఈయనకు చాదస్తం ముదిరిందనుకున్నాడు పృథ్వీధర్. కానీ ఆకలి అంతకన్నా ముదిరింది, దిగి వెళ్లాడు.

నూకరత్నానికి ఒక పట్టింపు ఉంది. ఎవరికెలా కావాలో చెప్పందే దోశ పొయ్యదు. ఒకసారి ఎవరో బాగాలేదని తిప్పి పంపారట, అప్పట్నుంచీ అంతే.

"మసాలా దోశండి. కూరలో ఉల్లిపాయ దండిగా, జీడిపప్పు కూడా."

"అలాగే బాబూ. దోశ నెయ్యితోనా, నూనెతోనా?"

పృథ్వీధర్ నోరు మూసుకున్నాడు.

"పోనీ, పల్చగానా, మందంగానా?"

"కూర కాస్త కారంగా ఉండాలండి."

గరిటె గాల్లో ఆగిపోయింది. పెనం పొగలు కక్కుతోంది. వెనకున్న ఆటో ఆయన, "ఏంటి బాబూ, మౌనవ్రతమా?" అన్నాడు.

నూకరత్నం కూర గిన్నె ఎత్తి చూపించింది. "నువ్వడిగిన కూర ఇదిగో నాయనా. దోశ పడందే దీన్నెక్కడ పెట్టను? నీ నెత్తిమీదా?"

బండి చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. పృథ్వీధర్ మాత్రం ఖాళీ పెనం వంక చూస్తూ ఉండిపోయాడు.

"నెయ్యి! పల్చగా!" అని ఒక్క అరుపు అరిచి, దోశ కోసం ఆగకుండానే మెట్లెక్కేశాడు.

చైల్డ్ క్లాస్ తెరిచాడు. కారు కన్నా, కేబిను కన్నా ముందు, మొట్టమొదటి వరుసలో పేరెంట్‌ను సూపర్ అని పిలిచి, అది ముందు తయారయ్యేలా పేరూ నంబరూ దాని చేతిలో పెట్టాడు. నడిపాడు. నడిచింది!

"మాస్టారూ, ఈ ముక్క నోటితో చెప్పొచ్చు కదండీ?"

నూకరత్నం అప్పుడే పైకి పంపిన దోశను మాస్టారు తీరిగ్గా తుంచుకుంటున్నారు.

"పోయిన సోమవారం చెప్పాను. ఆ రోజు నువ్వు కడుపునిండా తినొచ్చావు."