దున్నల చెవిలో గోరింక

దుప్పులకోన అంత పెద్ద అడవి ఈ భూమ్మీదే లేదు. సరే, కుందేలు ఒక్క పూటలో దాన్ని చుట్టి వచ్చేసేది, అది వేరే సంగతి. అందులో నక్క, ముంగిస, కుందేళ్లు, నెమళ్లు, గోరింకలు, పది అడవిదున్నలు ఉండేవి. నీటిమడుగు మాత్రం ఒక్కటే.

ఆ వేసవిలో దున్నలు పొద్దస్తమానం మడుగులోనే పడుకున్నాయి. ఎవరైనా దగ్గరికొస్తే కొమ్ములు విసిరేవి. ముంగిస పిల్లలు దాహంతో నాలుకలు బయటపెట్టాయి.

మడుగు అందరికీ కావాలని చిన్న జంతువులన్నీ ఉద్యమం మొదలుపెట్టాయి. నాయకత్వం నక్క తీసుకుంది.

"ఇదంతా పెద్ద కుట్ర! గోరింకలు దున్నల వీపులెక్కి చెవుల్లో ఏం ఊదుతున్నాయో తెలుసా? మన గుట్టు!" అంది.

"గూఢచారులు! గూఢచారులు!" అని సభంతా అరిచింది. గోరింకలు చిన్నబుచ్చుకుని ఎగిరిపోయాయి.

మర్నాడు నక్కకు నెమళ్ల మీద అనుమానం వచ్చింది. "తోక నిండా అన్ని కళ్లెందుకట?" ఆ మర్నాడు కుందేళ్ల మీద. "అంతంత చెవులు ఊరికే పెంచుతారా?" వారం తిరిగేసరికి సభలో నక్క, ముంగిస మిగిలాయి.

"అందరూ పోయినా నువ్వెందుకు పోలేదు?" అంటూ నక్క ముంగిసను ఓరగా చూసింది.

'ఇలాగైతే నా పిల్లలు నీళ్లు తాగినట్టే' అనుకుంది ముంగిస. సభ మానేసి, మడుగు గట్టున పొదలో కూర్చుని మూడు రోజులు చూసింది. గోరింకలు ఊదడం లేదు, పొడుస్తున్నాయి! దున్నల చెవుల నిండా రక్తం తాగే పిడుదులు. వాటిని గోరింకలు ఏరి తినకపోతే దున్నలకు కునుకే లేదు.

ముంగిస పరుగున గోరింకల దగ్గరికి వెళ్లింది. "అక్కా, నాలుగు రోజులు ఆ వీపులెక్కకుండా ఉండగలరా?"

"మిడతలు తిని ఉంటాం. ఆ దున్నలు కలచిన బురదనీళ్లే మేమూ తాగుతున్నాం. ఇన్నాళ్లూ తిట్టారే గానీ, అడిగిందెవరు?" అంది పెద్ద గోరింక.

ముంగిస నెమళ్లనీ కుందేళ్లనీ కూడా బతిమాలి వెనక్కి తెచ్చింది. నాలుగో రోజుకి దున్నలు చెట్లకేసి చెవులు రుద్దుకుంటూ గంతులేశాయి.

"అమ్మా, ఈ దురద మా వల్ల కాదు. గోరింకల్ని పంపండి, మీకేం కావాలి?" అంది పెద్ద దున్న ముంగిసతో.

"మధ్యాహ్నం దాకా మడుగు మాది. ఆ తర్వాత మీది," అంది ముంగిస. వెనక అడవంతా నిలబడింది. దున్న తలూపింది.

మర్నాడు ముంగిస పిల్లలు పొట్టలు ఉబ్బేలా తాగాయి. నెమళ్లు పురివిప్పాయి. కుందేళ్లు నీళ్లలో దొర్లాయి. నక్క మాత్రం, "ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే నీళ్లలో ఏదో కలిపారు!" అంటూ మండుటెండలో రెండు కొండల అవతలి వాగుకు నడిచింది.

అందరూ ముంగిసకు జేజేలు కొట్టారు. ముంగిస నేలచూపులు చూసింది. "అక్కా, ఒక్క మాట. ఆ రోజు మిమ్మల్ని గూఢచారులని అందరికంటే గట్టిగా అరిచింది... నేనే."

"తెలుసులేవే," అంది పెద్ద గోరింక. "ఈ అడవిలో అంత కీచుగొంతు ఇంకెవరికుంది?"

నీతి: లేని కుట్రను వెతికేవాడు ఉన్న తోడును పోగొట్టుకుంటాడు, ఎవరికి ఎవరితో అవసరముందో కళ్లారా చూసినవాడు అందరినీ కూడగట్టి గెలుస్తాడు.