అంకాలు ఒప్పుకున్న తప్పు

అనగనగా అంటాను, మీరు ఊఁ అనాలి. ఊఁ అనకపోతే ఈ కథ గుమ్మం దాటదు, ముందే చెబుతున్నా.

అనగనగా సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళ ఊరొకటి. ఎప్పటిదంటే, మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పిన నాటిది. ఆ ఊళ్ళో అంకాలు అని ఒక మంత్రసాని. గుప్పెడంత మనిషి. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లోకి పుట్టినవాళ్ళే.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. కాన్పు కాగానే మంత్రసాని గుమ్మంలోకొస్తుంది. మగబిడ్డయితే రోకలితో నేల మీద మూడు పోట్లు. ఆడబిడ్డయితే చేట మీద మూడు దెబ్బలు. నోటితో చెప్పే పనే లేదు. చప్పుడైందా, ఇక అంతే. అంకాలు మాటకి తిరుగులేదు.

ఉప్పు తీసే సూరన్నకి లేకలేక ఒక బిడ్డ పుట్టింది. అంకాలు రోకలి అందుకుంది. దబ్, దబ్, దబ్! గవరయ్య అని పేరు పెట్టారు.

నడక రాగానే ఆ బిడ్డ తల్లి కొంగు కప్పుకుని తిరిగింది. మాట రాగానే "నేను గవరమ్మని" అంది. తిట్టారు, బుజ్జగించారు, దిష్టి తీశారు. పదేళ్ళొచ్చినా అదే మాట. బిడ్డ తిండి మానేసి చిక్కిపోతుంటే చూడలేక, తల్లి నీలమ్మ తన చిన్ననాటి పరికిణీ తీసి ఇచ్చేసింది.

జాతరొచ్చింది. ఆడపిల్లలు అమ్మవారికి ఘటాలు మోస్తున్నారు. ఆ వరసలో, నెత్తిన ఘటంతో, గవరమ్మ! ఊరి గుండె గుభేలుమంది.

"అమ్మవారు ఊరుకుంటుందా?" అన్నాడు ఊరిపెద్ద గంగునాయుడు. "పుట్టింది మగబిడ్డేనని రేపు అంకాలు చేత అందరి ముందు చెప్పిస్తాను. ఆ తరవాత పంచె కట్టిస్తే సరే. లేదా ముగ్గురూ ఊరు విడిచి పొండి."

సూరన్న అంకాలు దగ్గరికి పరిగెత్తాడు. "అత్తా, ఉప్పు తప్ప నాకింకో పని రాదు. బిడ్డని కొట్టి మార్చలేను. ఎక్కడికి పోను?"

అంకాలుకి జాలేసింది. జాలి కంటే, ఇదేమిటో చూడాలనిపించింది. ఇన్నేళ్ళలో ఇలాంటిది వినలేదు మరి! నేరుగా ఉప్పుమడి దగ్గరికే పోయి గవరమ్మ పక్కన కూర్చుంది.

"నీకిది ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదు."

"పంచె కడితే ఏమవుతుంది?"

"ఎవరో కట్టుకున్నట్టు ఉంటుంది. నేను కనపడను."

"మరి నేను రోకలి పోటు వేశాను కదే! నా మాటో?"

"నువ్వు నన్ను అడగలేదుగా, అవ్వా."

అంకాలు ఫక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "నిజమేనే తల్లీ. ఎవర్నీ అడగలేదు నేను."

మర్నాడు ఊరంతా సూరన్న వాకిట్లో చేరింది.

"రోకలి పోటు వేసింది నువ్వేనా?" అన్నాడు గంగునాయుడు.

"నేనే బాబూ."

"నీ మాట ఎప్పుడైనా తప్పిందా?"

"తప్పిందని ఎవరూ అనలేదు."

"ఇంకేం మరి?"

"ఇప్పుడు నేనే అంటున్నాను. ఆ రోజు తప్పింది. బొడ్డు కోశాను, నీళ్ళు పోశాను, పోట్లు పొడిచేశాను. ఒళ్ళు చూశాను గానీ మనిషిని చూడలేదు. తప్పు బిడ్డది కాదు, కన్నవాళ్ళది కాదు, నాది. పంపిస్తే నన్ను పంపించండి."

అని, నీలమ్మని చేట అడిగి తీసుకుని, ఆ గుమ్మంలో నిలబడి కొట్టింది. ఒకటి, రెండు, మూడు. పదేళ్ళు ఆలస్యంగా! నీలమ్మ గడప మీద కూలబడి బావురుమంది.

ఊరు నోరు మూసుకుంది. అంకాలు మాటకి తిరుగులేదు కదా! సూరన్న కుటుంబం ఊళ్ళోనే ఉంది. అంకాలుని మాత్రం ఎవరూ కాన్పుకి పిలవలేదు. తప్పు చేశానని చెప్పుకున్న మంత్రసానిని ఎవరు పిలుస్తారు? ఒక కాన్పు పోయింది, రెండు పోయాయి, మూడు పోయాయి.

నాలుగోది గంగునాయుడి కూతురిది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆ పిల్ల పళ్ళు బిగబట్టి, "అంకాలుని పిలు నాన్నా! తప్పయితే తప్పని చెప్పే మనిషి ఆవిడొక్కతే" అంది.

అంకాలు వచ్చింది. సాయం పట్టడానికి గవరమ్మని తెచ్చుకుంది. పొద్దు వాలే వేళకి లోపల బిడ్డ కేరుమంది. గంగునాయుడు గుమ్మం దగ్గర చెవి ఒగ్గి నిలబడ్డాడు. రోకలి చప్పుడు లేదు, చేట చప్పుడు లేదు. అంకాలు ఉత్త చేతులతో బయటికొచ్చింది.

"ఏ బిడ్డ?" అన్నాడు.

"బతికిన బిడ్డ. ఎవరొచ్చారో బిడ్డే చెబుతుంది, తొందరేం?"

గంగునాయుడు ఏదో అనబోయాడు. లోపల్నించి మళ్ళీ ఏడుపు వినపడింది. తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

అంకాలు పోయాక ఆమె బొడ్డు కోసే కత్తీ, నీళ్ళు పోసే గిన్నే గవరమ్మకి వచ్చాయి. గవరమ్మ ఎన్ని కాన్పులు చేసిందో లెక్కలేదు.

ఆ ఉప్పుమళ్ళ వైపు ఇప్పటికీ కాన్పు కాగానే రోకలీ చేటా రెండూ గుమ్మానికి ఆనించి పెడతారు. ఎవరూ ముట్టరు. "ఎవరు పుట్టారు?" అని ఎవరైనా అడిగితే, ముసలమ్మలు నవ్వి ఇలా అంటారు: "అంకాలు చెప్పలేనిది నేను చెబుతానా? పెరగనీ, అడుగుదాం."