ఫింటన్ కొలత

“ఫింటన్, బ్రీదా, తిండి చల్లారిపోతోంది!”

అనగనగా ఒక ఊళ్ళో, రోజూ సాయంత్రం వీధి చివరిదాకా వినపడే కేక ఇది, చిన్నీ. కేక వేసేది నోరమ్మ. ఫింటన్ ఆవిడ కొడుకు, బ్రీదా కూతురు. ఊరేమో సముద్రాలు దాటి వెళ్తే వచ్చే ఐర్లాండులో. కేక వినపడగానే అన్నాచెల్లెళ్ళిద్దరూ చేతుల్లో కర్రలతో, మోకాళ్ళకి మట్టితో పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

కర్రలెందుకా? వాళ్ళ ఆట హర్లింగు కదా మరి. మన బిళ్ళంగోడు ఉందే, దానికి పెద్దన్నయ్య అనుకో. అటు పదిహేనుమంది, ఇటు పదిహేనుమంది. కర్ర చివర అట్లకాడలా వెడల్పుగా ఉంటుంది. దాంతో చిన్న తోలుబంతిని గాల్లోనే కొట్టాలి. బంతిని చేత్తో పట్టుకోవచ్చుగానీ నాలుగడుగులు దాటకూడదు. ఆ పైన పరిగెత్తాలంటే కర్ర చివర నిలబెట్టుకుని పరిగెత్తాలి, మీ బళ్ళో నిమ్మకాయ చెంచా పందెంలాగా. మైదానం కొసల్లో రెండేసి గుంజలు, వాటి మధ్య అడ్డకర్ర. బంతి అడ్డకర్ర కిందనుంచి వెళ్తే మూడు పాయింట్లు, పైనుంచి వెళ్తే ఒకటి.

ఆ కర్రలు చేసేది పిల్లల నాన్న కోనర్. యాష్ అనే చెట్టు మొదట్లో, వేరు వంపు తిరిగే చోట చెక్క తీసి చేస్తాడు. ఎవరి కర్ర వాళ్ళ తుంటి దాకానే రావాలి. ఒకరి కొలత ఇంకొకరికి పనికిరాదు.

వాళ్ళింట్లో తినే బల్లకి ఒక కాలు కురచ. ఫింటన్ మోకాలు ఆనించి కదలకుండా పట్టుకునేవాడు. ఆ కాలు బాగుచెయ్యవేం అని నోరమ్మ సణిగితే, నా కొడుకు మోకాలుందిగా అనేవాడు కోనర్.

ఒక చలికాలం ఫింటన్‌కి జ్వరం వచ్చింది. మూడోరోజుకి పోయాడు.

ఆ తర్వాత వీధిలో కేక ఆగిపోయింది. ఒక్క పేరే పిలవడానికి నోరమ్మకి నోరు రాలేదు. కోనర్ కర్రలు చేసే కొట్టంలో తినేవాడు. బ్రీదా గడప మీద తినేది. నోరమ్మ పొయ్యి దగ్గర నిలబడే ఏదో తిన్నాననిపించేది.

ఏడాది తిరిగింది. ఆదివారం ఆట ఉందనగా బ్రీదా కర్ర విరిగింది. అప్పటికి చుట్టుపక్కల యాష్ చెట్లన్నీ తెగులొచ్చి ఎండిపోయాయి. కోనర్ దగ్గర మిగిలింది ఒక్క చెక్క. దాన్నే చెక్కాడు, నున్నగా చిత్రిక పట్టాడు, కూతురి చేతిలో పెట్టాడు.

కర్ర తుంటి దాటి డొక్కల దాకా వచ్చింది.

“నాన్నా, ఇది అన్నయ్య కొలత” అంది బ్రీదా.

పిల్లని నిలబెట్టి కొలవనే లేదు పాపం. చేతికి అలవాటైన కొలత అదే మరి.

పైన జానెడు కోసేస్తే సరిపోతుంది. కానీ కోనర్ రంపం పట్టాడు, దించేశాడు. మర్నాడు పట్టాడు, మళ్ళీ దించేశాడు. బ్రీదా ఆ పొడుగు కర్రతోనే సాయంత్రం సాధనకి వెళ్తే, పడవ తెడ్డు తెచ్చావేంటే అని పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. కర్ర పొడుచుకుని డొక్కలో కమిలిన మచ్చ మాత్రం నోరమ్మ చూసింది.

మూడోరోజు నోరమ్మ కొట్టంలోకి వచ్చింది. కర్రని కూతురి పక్కన నిలబెట్టి, తుంటి దగ్గర గోటితో గీత గీసింది.

“ఇక్కడ కొయ్యి. నేను పట్టుకుంటాను.”

కోనర్ కోశాడు. తెగిన ముక్కని నోరమ్మ తీసి జేబులో వేసుకుంది.

ఆదివారం బ్రీదా ఒక్క బంతిని అడ్డకర్ర పైనుంచి కొట్టింది. అయినా రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఏం చేస్తాం.

ఆ సాయంత్రం నోరమ్మ వీధిలోకి వచ్చి నోరు తెరిచింది. మొదటి పేరు గొంతులోనే ఉండిపోయింది. “బ్రీదా, తిండి చల్లారిపోతోంది” అని పిలిచింది. వీధి చివరిదాకా వినపడింది. కొట్టంలో కోనర్‌కీ వినపడింది.

బల్ల కురచకాలు కింద ఆ కర్రముక్క పెట్టి ఉంది. ఉడికిన దుంపల గిన్నె మధ్యలో పెట్టి ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. బల్ల కదల్లేదు. అది చూసి కాసేపు ఏడ్చారు. ఆ తర్వాత తిన్నారు.

కేక వీధి దాటింది, కథ కంచి చేరింది,
కంచంలోకి ముద్దొచ్చింది, కంటిమీదికి కునుకొచ్చింది.