ఎడమ పక్క పాఠం

జిగ్మెత్ మోకాలు బాగైపోయింది. భయమే బాగవలేదు.

లద్దాఖ్ కుర్రాడు. గడ్డకట్టిన చెరువుల మీద ఆడుతూ పెరిగి, పరాయి దేశంలో ఐస్ హాకీ జట్టులో చేరి, ఆటనే బతుకు చేసుకున్నాడు. నిరుడు ఓ మ్యాచ్‌లో ఎవడో భుజంతో నెట్టేస్తే, మైదానం అంచునుండే చెక్కగోడకి కొట్టుకుని ఎడమ మోకాలు చితికింది. ఆపరేషన్ చేసి, ఇక నిక్షేపంగా ఆడుకోవచ్చన్నారు డాక్టర్లు. ఏం లాభం? బంతికి బదులు వాడే ఆ నల్ల రబ్బరు బిళ్ళ ఎడమ పక్కకి జారిందంటే చాలు, వాడి కాళ్ళు వాటంతటవే వెనకాడేవి. కోచ్ కంట్లో అది పడనే పడింది. కొన్నాళ్ళు ఇంటికెళ్ళి రా, వచ్చాక ఒక్క మ్యాచ్ ఆడిస్తాను, అప్పుడూ ఇలాగే ఉంటే నీ చోటు ఇంకొకడికి, అని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆట తప్ప ఇంకో పని తెలియనివాడు, ఏం చేస్తాడు పాపం? లద్దాఖ్ వచ్చి, తిన్నగా కొండమీద మఠానికి ఎక్కాడు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన లామా తార్చిన్ ఇంకా అక్కడే ఉన్నారు. డెబ్బై దాటినా ఏ వస్తువు కనబడినా తిరగేసి మరగేసి చూస్తేగానీ ఆయనకి తోచదు.

జిగ్మెత్ మనసులో ఉన్నదంతా చెప్పుకుని, చివరికి అడిగాడు.

"పడిపోకుండా ఉండే మంత్రం ఏదైనా ఇవ్వండి గురువుగారూ."

లామా వాడి సంచీలోంచి ఓ స్కేట్ బూటు లాగి, కిందనున్న ఇనప అంచు మీద గోరు ఆనించి చూశారు.

"ఇస్తాను. ముందు నాకు దీని మీద నడవడం నేర్పు."

ఇదెక్కడి గోలరా బాబూ అనుకున్నాడు జిగ్మెత్. ఈ వయసులో ఈయనకి స్కేటింగ్ నేర్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఎముక విరిగిందంటే మఠమంతా తన మీద పడుతుంది. కానీ గురువుగారి మాట కాదనేదెలా? మర్నాడు పొద్దున్నే ఊళ్ళో దొరికిన పాత స్కేట్లు, హెల్మెట్, మోకాలి తొడుగులు పట్టుకుని కొండ కింద చెరువుకి వెళ్ళాడు. ఎర్ర వస్త్రం పైకి దోపుకుని, నెత్తిన హెల్మెట్‌తో సిద్ధమైన లామాని చూస్తే వాడికి నవ్వాగలేదు. ఆయనా నవ్వేశారు.

లామాకి ఒకటే తొందర, వెంటనే పరుగు తీసేయాలని. జిగ్మెత్ ఒప్పుకోలేదు. మంచు మీద ఎవరికైనా మొదటి పాఠం ఒకటే, పడటం. రానివాడు కొయ్యలా బిగుసుకుపోయి, చేతులు ముందుకి చాచి మణికట్లు విరగ్గొట్టుకుంటాడు. వచ్చినవాడు మోకాళ్ళు వంచి, ఒళ్ళు వదులు చేసి, పక్కకి తుంటి మీద జారిపోతాడు.

"పడటం మానేసి, తక్కినది నేర్పరాదూ?" అన్నారు లామా.

"కుదరదండీ. పడటానికి జంకేవాడు మంచు మీద నిలబడలేడు," అన్నాడు జిగ్మెత్. పిల్లలకి నేర్పేటప్పుడల్లా వాడు చెప్పే మాటే అది.

చెప్పి, కుడి పక్కకి పడి చూపించాడు. లామా కూడా దబ్బున పడ్డారు. వాడి హాకీ కర్ర ఊతంగా లేచి, మళ్ళీ పడ్డారు. ఆయనకి సరదా పుట్టింది. నాలుగైదుసార్లు పడి లేచేసరికి గడ్డం నిండా మంచు పొడి.

"బావుంది. ఎడమ పక్కకి ఎలా?"

"అది అక్కర్లేదండీ. కుడి పక్కకి వస్తే చాలు."

లామా నిజంగానే అర్థంకాక వాడి మొహంలోకి చూశారు.

"ఎటు పడతావని మంచు మనల్ని అడుగుతుందా?"

జిగ్మెత్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇక వాడితో పనేముందని ఆయన తనంతట తనే ఎడమ పక్కకి ఒరగబోయారు. ఒళ్ళంతా బిగబట్టి, రెండు చేతులూ చాచి. సరిగ్గా ఎముకలు విరిగే పద్ధతిలో.

జిగ్మెత్ ఒక్క చేత్తో ఆయన్ని ఒడిసి పట్టి నిలబెట్టాడు. "అలా కాదండీ, ఇలా," అంటూ మోకాళ్ళు వంచి, ఎడమ పక్కకి పడిపోయాడు.

పడ్డాకగానీ వాడికి తెలియలేదు, ఎటు పడ్డాడో. మోకాలి కింద మంచు గట్టిగా తగులుతోంది. లేవాలని తోచక అలాగే ఉండిపోయాడు.

లామా కర్ర పట్టుకుని వంగి చూశారు.

"నొప్పేసిందా?"

"వేసింది."

"ఎంత?"

జిగ్మెత్ మోకాలు తడుముకున్నాడు. వంచి చూశాడు, చాచి చూశాడు. కుడి పక్కకి పడ్డప్పుడు ఎంతో, ఇప్పుడూ అంతే.

"మామూలుగానే ఉంది," అన్నాడు. ఆ మాట వాడికే వింతగా వినబడింది.

లామా తలూపి, చిన్నపిల్లాడిలా పాక్కుంటూ గట్టుకి చేరుకున్నారు. ముడి పడ్డ స్కేట్ తాళ్ళతో కాసేపు కుస్తీపట్టి, విప్పి పక్కన పెట్టి, తన బూట్లు తొడుక్కుని కేకేశారు.

"రా మరి, పైకి పోదాం. మంత్రం కావాలన్నావుగా."

జిగ్మెత్ లేచి మోకాలి మీది మంచు పొడి దులుపుకున్నాడు.

"మీరు నడుస్తూ ఉండండి గురువుగారూ. నేను ఇంకోసారి పడి వస్తాను."