పోలమ్మ చేతుల పచ్చబొట్లు

రాణిగారి వంటశాలలో వెండి గిన్నెలు కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలని దండోరా వేశారు. భర్త పోయి, పని దొరక్క తిరుగుతున్న పోలమ్మ తెల్లారేసరికల్లా కోటకు వచ్చింది. ఆమె చేతుల నిండా పచ్చబొట్లే. చిన్నతనంలో తల్లి దగ్గరుండి పొడిపించినవి.

వంటశాల అధికారి భైరవయ్య మొహం చిట్లించాడు. "ఈ మచ్చలేసుకుని కోటలో పనికొచ్చావా? పో, పో!"

పోలమ్మకు ఒళ్లు మండింది. ఊళ్లో ఏ లోగిలికి వెళ్లినా ఇదే మాట. "పచ్చబొట్టుంటే చెయ్యి పని చెయ్యదా అయ్యా?" అని గట్టిగా నిలదీసింది.

ఆ గొడవకు రాణిగారే బయటికి వచ్చారు. భైరవయ్య గొంతు తగ్గించాడు. "సరే, చేతులకు గుడ్డ చుట్టుకుని రా, పనిస్తాను."

పోలమ్మ వంటశాల గుమ్మంలో కడిగి పెట్టిన వెండి గిన్నె చూపించింది. "దీనిమీద ముద్ర ఎందుకయ్యా?"

"ఏ ఇంటిదో తెలియడానికి."

"ఆ ముద్ర కనబడకుండా గుడ్డ చుట్టి ఎవరైనా గుమ్మం దాటిస్తుంటే?"

"ఇంకేముంది, అది దొంగసొత్తే!"

"నేను ఫలానా ఇంటి బిడ్డనని మా అమ్మ వేయించిన ముద్రయ్యా ఇది. కప్పుకు తిరగడానికి నేనేమన్నా దొంగసొత్తునా?"

రాణిగారు భైరవయ్య మొలనున్న గిన్నెలగది తాళంచెవి అడిగి తీసుకుని, పోలమ్మ చేతిలో పెట్టారు.

మర్నాటి నుంచీ భైరవయ్యకు ఏ గిన్నె కావాలన్నా ఆ చేతుల్లోంచే అందుకోవాల్సి వచ్చింది.