నక్కబావ కోళ్లఫారం, బుల్లెమ్మ ప్రయాణికులు

అనగనగా ఒక అడవిలో ఒక నక్కబావ కోళ్లఫారం పెట్టాడు. నవ్వకండర్రా, నిజంగానే పెట్టాడు. కోళ్లను తినను, గుడ్లు మాత్రమే తీసుకుంటానని అందరి ముందూ ఒట్టు వేశాడు. ఆ ఒట్టు మీద కోళ్లకు పెద్ద నమ్మకం లేదు. కానీ నూకలు దండిగా పెడతానన్నాడని వచ్చి చేరాయి.

నక్కబావకు ఒక్కగానొక్క కూతురు. పేరు మిణుకు. నక్కబావ లోకానికంతా జిత్తులమారి గానీ, ఆ పిల్ల దగ్గర మాత్రం వెన్నముద్ద. అది ఒక్కసారి తుమ్మితే చాలు, ఇతను వైద్యుడి కోసం పరుగు తీసేవాడు.

ఫారం బాగా పెరిగింది. పాక మాత్రం పెరగలేదు. ఒక కోడి రెక్క విప్పితే పక్క కోడి కంట్లో పొడుచుకునేది. కింద పెంట పేరుకుపోయింది. ఆ కంపుకి అడవిపంది కూడా ముక్కు మూసుకుని పక్కదారిన వెళ్లేది. అడవిపందే అలా వెళ్లిందంటే ఇక మీరే ఊహించుకోండి. చివరికి కోళ్లు జబ్బు పడ్డాయి.

ఆ అడవికి వైద్యుడు ఎలుగు మామ. వచ్చి, చూసి, ఒక కుండలో చేదు మందు ఇచ్చాడు.

"ఇది జబ్బు పడ్డవాటికే వెయ్యి. తగ్గేదాకా సరిగ్గా వెయ్యి, తగ్గాక ఆపెయ్యి. ఈలోగా పాక ఊడ్చు. కింద కొత్త ఊక పరుచు. కోళ్లకు కాస్త చోటివ్వు," అన్నాడు.

"అలాగే మామా!" అన్నాడు నక్కబావ.

మందు బాగా పనిచేసింది. కోళ్లు లేచి తిరిగాయి. నక్కబావ మూలనున్న చీపురు వంక చూశాడు. తర్వాత మందు కుండ వంక చూశాడు. చీపురు పడితే నడుం పట్టేస్తుంది. మందు చల్లితే చిటికెన వేలు కూడా నొప్పెట్టదు.

'రోజూ దాణాలో చిటికెడు కలిపేస్తే అసలు జబ్బే రాదు కదా! ఎలుగు మామకు ఈ మాత్రం తెలివి లేకపోయిందే!' అనుకుని, తన వీపు తానే తట్టుకున్నాడు.

ఫారంలో చుక్కల కోడి అని ఒక పెద్ద కోడి ఉంది. దానికి నోరు ఊరుకోదు.

"బావా, మేం బాగానే ఉన్నాం కదా, మందు ఎందుకు?" అని అడిగింది.

"రాబోయే జబ్బుకి."

"రాబోయే జబ్బుకి చీపురు చాలు కదా?"

"నువ్వు గుడ్డు పెట్టడం చూసుకో తల్లీ! వైద్యం నాకు వదిలెయ్," అన్నాడు నక్కబావ, మీసం దువ్వుకుంటూ.

ఇప్పుడు కథ పెంటకుప్పలోకి వెళుతుంది. ముక్కులు మూసుకోండి.

ఆ కుప్పలో కంటికి కనిపించని క్రిములు కాపురముంటాయి. కోళ్ల పొట్టలోంచి ఆ మందు రోజూ కాస్త కాస్త పెంటలో పడేసరికి వాటిలో చాలామటుకు చచ్చాయి. కానీ ఒక మొండి క్రిమి చావలేదు. మిగతావి పోయాక చోటంతా దానిదే అయింది. దానికి పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు, అందరూ మొండిఘటాలే. ఆఖరికి ఎంతవరకు వచ్చిందంటే, "ఇవాళ మందు ఇంకా చల్లలేదేంట్రా? ఆలస్యమైంది!" అని ఎదురుచూసేవి.

క్రిములకు అడవంతా తిరగాలని మహా సరదా. కానీ రెక్కలేవీ? సరిగ్గా అప్పుడు అటు వాలింది బుల్లెమ్మ అనే ఈగ. పుట్టింది ఆ కుప్పలోనే. అయినా తనంత శుభ్రం ఈ అడవిలో ఎవరూ లేరని దానికి గొప్ప. ఎందుకంటే, పొద్దస్తమానం ముందుకాళ్లు రెండూ రుద్దుకుంటూనే ఉంటుంది మరి!

"బుల్లెమ్మక్కా, మమ్మల్నీ కాస్త తీసుకెళ్లవూ?" అన్నాయి క్రిములు.

"ఎక్కండి, ఎక్కండి! విందులకు ఒంటరిగా వెళితే ఏం బాగుంటుంది? కాళ్ల మీది నూగు గట్టిగా పట్టుకోండి," అంది బుల్లెమ్మ.

క్రిములు ఎక్కేశాయి. బుల్లెమ్మ జుయ్‌మంటూ బయలుదేరింది.

మొదట ఉడతమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడ మామిడితాండ్ర ఆరుతోంది. ఉడతమ్మ దాని మీద పల్చటి గుడ్డ కప్పింది.

"గుడ్డ తియ్యి ఉడతమ్మా. చేతులు కడుక్కునే వచ్చాను," అంది బుల్లెమ్మ, కాళ్లు రుద్ది చూపిస్తూ.

"నీళ్లెక్కడివే నీకు? ఉత్తినే రుద్దుకుంటే కడుక్కున్నట్టా? ఫో!" అంది ఉడతమ్మ.

తర్వాత కోతి మావయ్య దగ్గరికి వెళ్లింది. అతను పనసతొనలు ఒలుస్తున్నాడు. అతని తోక అటూ ఇటూ ఊగుతూనే ఉంది. బుల్లెమ్మ వాలబోయింది. తోక తగిలి గిరగిరా తిరిగిపోయింది. పాపం, ప్రయాణికులకు కళ్లు తిరిగాయి.

ఆఖరికి నక్కబావ ఇంటికి వెళ్లింది. మిణుకు కోసం గిన్నెలో పాలబువ్వ కలిపి పెట్టి ఉంది. దాని మీద మూత లేదు. నక్కబావ గుమ్మంలో నిలబడి, "మా ఫారంలో జబ్బన్న మాటే లేదు తెలుసా!" అని కుందేలుకు గొప్పలు చెబుతున్నాడు. బుల్లెమ్మ గిన్నెలో వాలింది. ఈగలకు పళ్లుండవు కదా, అందుకని ముందు కాస్త ఉమ్మింది, తర్వాత జుర్రుకుంది. ఛీ అనకండి, దాని పద్ధతి అంతే. క్రిములన్నీ బిలబిలా దిగిపోయాయి.

మిణుకు వచ్చి ఆ పాలబువ్వ గిన్నె నాకి నాకి తినేసింది.

మర్నాటికి పిల్లకు ఒళ్లు కాలిపోయింది. ఒకటే విరేచనాలు. మిలమిల మెరిసే కళ్లు లోపలికి పీక్కుపోయాయి. నక్కబావ పరుగున వెళ్లి ఎలుగు మామను లాక్కొచ్చాడు.

ఎలుగు మామ చేదు మందు వేశాడు. తగ్గలేదు. మళ్లీ వేశాడు. ఊహూ, తగ్గలేదు. పిల్ల పొట్టలో క్రిములు పడీ పడీ నవ్వాయి.

"ఇదా మందు? ఇది తాగే కదరా మేం పెరిగింది!"

"ఈ మందుకు లొంగని క్రిమి ఎక్కడ పుట్టింది?" అని ఎలుగు మామ తల పట్టుకున్నాడు.

గుమ్మంలోంచి చుక్కల కోడి తొంగి చూసింది. "నేను చెప్పనా మామా? మా పెంటలో పుట్టింది, బుల్లెమ్మ కాళ్లు పట్టుకుని ఇక్కడికొచ్చింది. మా దాణాలో రోజూ మీ మందే కదా!" అంది.

ఎలుగు మామ నక్కబావ వైపు తిరిగాడు. నక్కబావ తోక కాళ్ల మధ్యకు వెళ్లిపోయింది.

"తప్పయిపోయింది మామా! నా పిల్లను బతికించు. నీ కాళ్లు పట్టుకుంటాను," అని బావురుమన్నాడు. ఈసారి ఆ ఏడుపులో నటన లేదు.

"నా దగ్గర ఇంకొక్క మందు ఉంది. ఎంతో ఎత్తు కొండ మీద దొరికే వేరు. మా తాత తెచ్చి దాచింది. ఇదీ పనిచేయకపోతే నా దగ్గర ఇంకేమీ లేదు," అన్నాడు ఎలుగు మామ.

వేరు నూరి ఒక చిప్పలో ఇచ్చాడు. ఉప్పు, తేనె కలిపిన నీళ్లు గుటక గుటకగా తాగించమన్నాడు. నక్కబావ తిండి మానేసి పిల్ల పక్కనే కూర్చున్నాడు. క్రిములు ఈసారి నవ్వలేదు. మెల్లగా జ్వరం దిగింది. మిణుకు కళ్లు తెరిచి, "ఆకలేస్తోంది నాన్నా," అంది. నక్కబావ ఆనందం పట్టలేక ఇల్లంతా గంతులేశాడు.

అప్పుడే ఫారంలో ఒక కోడి తుమ్మింది.

నక్కబావ చెయ్యి, పాపం దానికి అలవాటైపోయింది, తిన్నగా ఆ చిప్ప మీదికే వెళ్లింది. అడుగున ఇంకా కాస్త మందు మిగిలి ఉంది. 'చిటికెడే కదా...' అనుకున్నాడు.

"నాన్నా," అంది మిణుకు నీరసంగా, "ఈ మందు కూడా ఆ క్రిములకు అలవాటు చేసేస్తావా? మరి నాకు మళ్లీ జ్వరం వస్తే?"

నక్కబావ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చిప్పను పిల్ల తలాపిన జాగ్రత్తగా పెట్టాడు. మిగిలింది పిల్లకే పట్టించాలి. తర్వాత మూలకు వెళ్లి, బూజు దులిపి, చీపురు తీసుకున్నాడు.

ఊడ్చాడు, ఊడ్చాడు, నడుం విరిగేదాకా ఊడ్చాడు. పెంట ఎత్తి దూరంగా గోతిలో పూడ్చాడు. కొత్త ఊక పరిచాడు. ఇంకో పాక కట్టాడు. తుమ్మిన కోడి ముక్కులోని పాత దుమ్ము వదిలిపోయింది, అంతే, తుమ్ములు ఆగిపోయాయి. చుక్కల కోడి ఓ గట్టు మీద కూర్చుని, "ఆ మూల వదిలేశావు బావా, ఆ మూల!" అని పురమాయిస్తూనే ఉంది.

బుల్లెమ్మ మాటేమిటంటారా? అది మారలేదు. మిణుకు పాలబువ్వ గిన్నె మూత మీద వాలి, కాళ్లు రుద్దుకుంటూ, "మూత తియ్యి బావా. చేతులు కడుక్కునే వచ్చాను," అంది.

"నువ్వు కడుక్కున్నావు సరే," అన్నాడు నక్కబావ చీపురు పైకెత్తి, "నీ కాళ్లు పట్టుకుని వచ్చినవాళ్లు కడుక్కున్నారా?"

బుల్లెమ్మ మొదటిసారి తన కాళ్ల వంక వంగి చూసుకుంది.

నీతి: చీపురుతో పోయేదానికి మందు వాడితే, మందుతో పోవాల్సింది ఇక దేనికీ పోదు.