వెనక రెక్క మీద ఒక్క చుక్క

"మేడం, వెనక రెక్క మీద బోలెడు ఖాళీ ఉంది. మీ పేరు ఇక్కడేసెయ్యమంటారా?"

ఫ్లెక్సుల షాపులో సింహాచలం గారు ఈ మాట అన్నప్పుడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

అప్పటిదాకా హాయిగానే ఉన్నాను. కంప్యూటర్ మీద నేను ఫొటో తీసిన సీతాకోకచిలుక, పక్కన నా ఫొటో, పైన ఎర్ర అక్షరాల్లో "మన ఊరి సీతాకోకల అమ్మాయికి ఘన సన్మానం". ఆయన సీతాకోకని పెద్దది చేసుకుంటూ పోయారు. నారింజ రంగు రెక్కలు, ముందు రెక్క కొసన నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. చివరికి తెర నిండా వెనక రెక్క ఒక్కటే మిగిలింది.

నిజమే, ఖాళీగా ఉంది. పై అంచు దగ్గర ఒకే ఒక్క నల్ల చుక్క.

అక్కడ మూడు నాలుగు ఉండాలి.

"వద్దండి, పేరు కిందే ఉంచండి" అన్నాను.

"పోనీ ఆ చుక్క తీసెయ్యమంటారా? ఒక్కటే ఉంటే దిష్టిచుక్కలా ఉంది."

"వద్దు!"

గట్టిగానే అరిచినట్టున్నాను. పక్కన పెళ్లి బ్యానర్ చేయించుకుంటున్న వాళ్లు తిరిగి చూశారు. సింహాచలం గారు మౌస్ మీంచి చెయ్యి తీసేసి, "మీ సీతాకోక, మీ ఇష్టమండీ" అన్నారు.

జరిగింది చెప్తాను. చదివి నవ్వితే నవ్వండి.

నా పేరు తనూజ. మాది నర్సీపట్నం. జువాలజీతో డిగ్రీ అయింది. ఉద్యోగం లేదు. ఆదివారం తెల్లారగానే ఊరి చివర కొండ కింద కొంతమందిమి కలిసి నడుస్తాం. కనిపించిన సీతాకోకచిలుకల్ని చూసి, అవి ఏవో గుర్తుపడతాం. అంతే, అదే మా పని.

ఆ నడక మొదలుపెట్టింది దైవసహాయం మాస్టారు. హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. నాకు చూడ్డం నేర్పింది ఆయనే. రెక్కలు మూస్తే ఎండుటాకులా ఉన్నది తెరిస్తే నీలంగా ఉండొచ్చని, ఒకే జాతిలో మగదీ ఆడదీ ఏ సంబంధమూ లేనట్టు కనపడొచ్చని, కరివేపాకు మీద పిట్ట రెట్టలా ఉన్నది ఒక్కోసారి రెట్ట కాదు, గొంగళిపురుగని, అన్నీ ఆయన దగ్గరే తెలుసుకున్నాను. నడక అయ్యాక ఆయన అటునుంచి అటే చర్చికి పోతారు. ప్యాంటుకి పల్లేరుకాయలు అంటుకునే ఉంటాయి. వాళ్లావిడ సుగుణమ్మ గారు అక్కడ మెట్ల మీద తిడుతూ అవి పీకుతూ ఉంటుంది.

మాస్టారికి ఇంగ్లీషు పేర్లు పెద్దగా రావు. ఏ మొక్క మీద గుడ్లు పెడితే దాని పేరే చెప్తారు. జిల్లేడుది, ఆముదందీ, కరివేపాకుదీ అంటారు. నాకది మోటుగా అనిపించేది. నేను ఇంగ్లీషు పేర్లన్నీ బట్టీ పట్టాను. ఇంకా గాల్లో ఉండగానే చెప్పేసేదాన్ని. వెనకనుంచి "అబ్బో" అని వినపడేది. ఉద్యోగం లేని మనిషికి ఆ అబ్బో ఎంతో మీకు తెలీదు.

పోయిన నెల ఒక ఆదివారం దారి మీదికి నారింజ రంగుది ఒకటి వచ్చింది.

"ప్లెయిన్ టైగర్!" అన్నాను. ఫొటో తీస్తూనే మొదలుపెట్టాను. దీని పురుగు జిల్లేడాకు తిని పెరుగుతుందని, ఆ విషం ఒంట్లో ఉండిపోతుందని, అందుకే పిట్టలు దీని జోలికి రావని చెప్పాను.

మాస్టారు వెనకున్నారు. "అది జిల్లేడుది కాదనుకుంటానమ్మా. దాని వేషం వేసుకున్నది. ఇంకోసారి చూడు" అన్నారు.

వేషం వేసుకునేది ఒకటి ఉందని నాకూ తెలుసు. దానికి విషం లేదు. ఆడది మాత్రం అచ్చం జిల్లేడుదాని రంగులు వేసుకుని బతికేస్తుంది. వెనక రెక్క మీద చుక్కలు లెక్కపెడితే తేలిపోతుంది, దీనికి ఒక్కటే ఉంటుంది. పరీక్షలో రాశాను కూడా. కానీ అందరూ నా వైపే చూస్తున్నారు. సీతాకోక లేచిపోతోంది.

"ప్లెయిన్ టైగరేనండి మాస్టారూ. మీకు చుక్కలు కనపడ్డంలేదేమో" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. నడక ఏర్పాట్లు చూసే జగ్గారావు గారు అందుకున్నారు. "మాస్టారూ, ఇంక మీరు ఏనుగుల్ని చూపించండి. అవైతే కాస్త పెద్దగా ఉంటాయి."

ఈసారి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాస్టారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "అలాగేనమ్మా" అన్నారు. మళ్లీ ఆ రోజు నోరు విప్పలేదు.

ఆ తర్వాత జగ్గారావు గారు గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఇకనుంచి నడక తనూజ నడిపిస్తుంది, మాస్టారు విశ్రాంతి తీసుకుంటారు, కొత్త బాధ్యత తీసుకుంటున్న సందర్భంగా చిన్న సన్మానం అని. కింద అన్నీ చప్పట్ల బొమ్మలే. మాస్టారు కూడా ఒకటి పెట్టారు.

ఆయన్ని అడిగారా అని నేను అడగలేదు. ఫ్లెక్సుకి ఆ రోజు తీసిన ఫొటోనే ఇచ్చాను.

ఫ్లెక్సు షాపులోంచి నేరుగా మాస్టారింటికి పోయాను. వరండాలో సుగుణమ్మ గారు చింతకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి పళ్లెం పక్కన పెట్టలేదు.

"ఏటమ్మా, మీ శిష్యుణ్ని చూసి పోదామని వచ్చీసినావా?"

"అది కాదండీ..."

"పెరట్లో ఉన్నాడు, పో. ఆదివారం పొద్దున్నే ఎక్కడికెళ్లాలో తెలీక ఇప్పట్నుంచే మొక్కలకి నీళ్లు పోసీస్తున్నాడు. అవి కుళ్లిపోయేలా ఉన్నాయి."

పెరట్లో మాస్టారు ప్రహరీ పక్కన స్టూలు మీద కూర్చునున్నారు. గోడ అవతల ఖాళీ స్థలం. ఎండ బాగా ఉంది.

"మాస్టారూ, ఆ రోజు నేను..."

ఆయన చెయ్యెత్తారు. ఆగమన్నట్టు కాదు, అటు చూడమన్నట్టు. గోడ అవతల నారింజ రంగుది ఒకటి తిరుగుతోంది.

నేను నోరు తెరిచాను.

"పేరు చెప్పకు. ఏం చేస్తోందో చెప్పు" అన్నారు.

"ఎగురుతోంది."

"ఎలా?"

"మెల్లగానే. జిల్లేడు మొక్క వైపు పోతోంది. వాలింది. లేదు మాస్టారూ, వాల్లేదు. దాటి పోయింది."

"తర్వాత?"

"కిందికి దిగింది. నేలకి దగ్గరగా తిరుగుతోంది. గంగపాయల కూర మీద ఆగింది."

గంగపాయల కూర మీకు తెలిసే ఉంటుంది, పప్పులో వేసుకుంటాం. నేల మీద పాకుతుంది, ఆకులు దళసరిగా ఉంటాయి. సీతాకోక ఆ ఆకు అంచు పట్టుకుని వేలాడుతోంది.

"ఇంకా?"

"పొట్ట కిందికి వంచింది. గుడ్డు పెడుతోంది."

నేను గోడ మీదికి ఇంకాస్త వంగాను. నా నీడ పడగానే అది ఉలిక్కిపడి లేచి, అప్పటిదాకా మెల్లగా ఎగిరిన తీరే మర్చిపోయినట్టు రెక్కలు టపటపలాడించుకుంటూ పారిపోయింది. లేచేటప్పుడు వెనక రెక్క కనపడింది. ఒకే చుక్క.

వెనక్కి తిరగడానికి మొహం చెల్లలేదు.

"మీకు ఆ రోజే తెలుసు కదా?"

"తెలుసు."

"చుక్క చూశారా?"

"చుక్కలు నాకు కనపడవమ్మా. నువ్వన్నది నిజమే. రెండేళ్లయింది. ఎగరడం కనపడుతుంది. జిల్లేడుదానికి భయం లేదు, పిట్ట వచ్చినా దారి మార్చదు. ఆ రోజుది నువ్వు ఫోను పెట్టగానే బెదిరింది."

"మరి ఎందుకు ఊరుకున్నారు మాస్టారూ? గట్టిగా ఒక్క మాట అనాల్సింది."

ఆయన గోడ వైపే చూస్తున్నారు.

"ఆ రోజు దాన్ని ఎంతసేపు చూశావమ్మా?"

"ఒక్క క్షణం."

"నన్ను?"

అంతసేపు కూడా కాదు.

లోపల్నుంచి సుగుణమ్మ గారి గొంతు వచ్చింది. "ఏవండీ, ఆ తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇవ్వాలా, వద్దా? ఆదివారం మీ చేత్తోనే కప్పాలంటగా శాలువా, ఆ గుంటకి!"

అది నాకు తెలీదు. ఆ శాలువా నాకు కప్పాల్సింది మాస్టారని జగ్గారావు గారు నాకు చెప్పలేదు. గురువే స్వయంగా కప్పితే బాగుంటుందని అనుకున్నారట. మాస్టారు సరేనన్నారట.

"ఇచ్చీవే" అన్నారు మాస్టారు లోపలికి.

నాకు ఏడుపొచ్చింది. "వద్దు మాస్టారూ. జగ్గారావు గారికి ఇప్పుడే చెప్పేస్తాను. మీరు నాకు శాలువా కప్పడమేంటి? నేను తల ఎలా ఎత్తుకోను?"

ఆయన స్టూలు మీంచి లేచారు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, ఒక క్షణం గోడ పట్టుకున్నారు. తర్వాత చెంబు తీసుకుని, ఇప్పటికే తడిసిపోయిన మొక్కకి మళ్లీ నీళ్లు పోశారు.

"కప్పమన్నారు, కప్పుతాను. అంతవరకే నా పని. దాని కింద నిలబడ్డం నీ పని" అన్నారు.

అంతే. మజ్జిగ తాగి వెళ్లమన్నారు. సుగుణమ్మ గారు గ్లాసు తెచ్చిచ్చింది, నా మొహం చూసి ఈసారి ఏమీ అనలేదు. ఆవిడ తిట్టుంటే బాగుండేది.

తెల్లారితే ఆదివారం. ఫ్లెక్సు కట్టేశారని జగ్గారావు గారు ఫొటో పంపారు. ఇందాకట్నుంచి టైపు చేస్తున్నాను, చెరిపేస్తున్నాను.

జగ్గారావు గారికి ఫోన్ చేసి ఆపించేద్దామనుకున్నాను. అడిగితే కారణం చెప్పాలి. చెప్తే ఆయన, "అయితే ఏమైందమ్మా, ఒక చుక్క తేడా! మాస్టారికి ఎలాగూ కళ్లు కనపడవు కదా" అంటారు. కనపడవన్నది నిజం. మాస్టారే నాతో ఒప్పుకున్నారు. ఆ మాట దాచి మాస్టారిదే రైటంటే సగమే చెప్పినట్టు. ఆ మాట కూడా చెప్తే ఆయన నడక నా చేతుల్తో నేనే పూర్తిగా ఆపేసినట్టు.

పోనీ, కప్పగానే ఆ శాలువా తీసి ఆయన భుజాల మీద వేసి కాళ్లకి దణ్ణం పెడదామా అనుకున్నాను. అందరూ చప్పట్లు కొడతారు. "ఎంత వినయమండీ ఈ అమ్మాయికి" అంటారు. ఆ మాట నేను అస్సలు భరించలేను. అప్పుడు కూడా మాస్టారు ఏమీ అనరు. కళ్లద్దాలు తుడుచుకుంటారు.

ఇది చదివేవాళ్లలో గురువు దగ్గర తలొంచుకోవాల్సి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను వినయంగా కనపడకుండా, మాస్టారు మళ్లీ చిన్నబోకుండా, నేను చేసింది చేసినట్టు అక్కడున్న అందరికీ తెలియాలి. ఆ తర్వాత కూడా ఆయన మా ముందు నడవాలి. ఆయన శాలువా పట్టుకుని నా వైపు వచ్చినప్పుడు నేనేం చెయ్యను?